ఆడవాళ్ల ఎంఎంఏలో ఆల్ టైమ్ గ్రేటెస్ట్ ఎవరు: రౌజీనా, సైబోర్గా, నూనెసా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: "రోండా రౌజీ లేకపోతే ఆడవాళ్లకు యూఎఫ్‌సీయే లేదు, ఆమే గ్రేటెస్ట్ అని మా రూమ్మేట్ వాదన. 13 ఏళ్లు ఓటమి ఎరగని సైబోర్గ్ అని నా వాదన. ఎక్కడ చూసినా అమాండా నూనెస్ పేరే చెబుతున్నారు. ఆమె జులియానా పెన్యా చేతిలో ఓడిపోయింది కదా? మరి ఎలా?"

కొత్తవాళ్లకు ఒక మాట: ఎంఎంఏ అంటే గుద్దులు, తన్నులు, పట్లు అన్నీ కలిసిన పోరు, యూఎఫ్‌సీ దాన్ని నడిపే అతిపెద్ద సంస్థ. ఇక సూటిగా చెప్పేస్తాను. అమాండా నూనెస్. రెండో స్థానం వాలెంటీనా షెవ్‌చెంకోది. వాళ్లిద్దరి మధ్య దూరం చాలామంది అనుకునేంత లేదు. మూడోది క్రిస్ సైబోర్గ్. రౌజీకి నా లెక్కలో మొదటి మూడింట్లో చోటు లేదు. మీ రూమ్మేట్ రాళ్లు వెయ్యాలనుకుంటే ముందు కింద దాకా చదవమనండి.

ఈ వాదన ఎప్పటికీ తెగకపోవడానికి కారణం ఎవరి తక్కెడ వాళ్లది కావడమే. ఒకరు పేరుప్రఖ్యాతులు తూస్తారు, ఇంకొకరు ఓటమి లేని ఏళ్లు లెక్కపెడతారు. గెలుపోటముల అంకెలు పక్కపక్కన పెట్టి తేల్చేసేవాళ్లూ ఉన్నారు. రౌజీ 12-2, నూనెస్ 23-5, ఐదు ఓటములంటే ఎక్కువే కదా అని. అంతకన్నా చిక్కుది "ఫలానా ఆమె ఫలానా ఆమెను కొట్టింది కాబట్టి..." అనే లెక్క. క్యాట్ జింగానో 2014 సెప్టెంబర్‌లో నూనెస్‌ను కొట్టింది. ఆ జింగానోను 2015 ఫిబ్రవరిలో రౌజీ 14 సెకన్లలో ముగించింది. ఆ రౌజీని 2016 డిసెంబర్ 30న నూనెస్ 48 సెకన్లలో పడగొట్టింది. గానుగెద్దులా తిరిగి తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చాం.

అందుకే నేను రెండే ప్రశ్నలు వేసుకుంటాను: ఎవరిని కొట్టింది? ఆ ఎదుటి మనిషి ఆ రోజు ఏ స్థితిలో ఉంది? రెండో ప్రశ్న మర్చిపోతే మొదటిదానికి విలువ లేదు.

మొదటి ప్రశ్నకు నూనెస్ జవాబు దగ్గర మిగతా అందరూ ఆగిపోతారు. యూఎఫ్‌సీ 135 పౌండ్ల (61.2 కిలోలు) బెల్ట్ ఇప్పటిదాకా నడుముకు చుట్టుకున్నవాళ్లు: రౌజీ, హాలీ హామ్, మీషా టేట్, నూనెస్, పెన్యా, రాకెల్ పెన్నింగ్టన్, కేలా హారిసన్. ఇందులో హారిసన్ తప్ప మిగతా అందరూ నూనెస్ చేతిలో ఓడినవాళ్లే. 145 పౌండ్ల (65.8 కిలోలు) బెల్ట్ ఆమెకన్నా ముందు ఇద్దరి దగ్గరే ఉంది. జెర్మెయిన్ డి రాండమీని రెండుసార్లు, 2013లోనూ 2019లోనూ కొట్టింది. రెండో ఆమె సైబోర్గ్. వీటికి తోడు 125 పౌండ్ల రాణి షెవ్‌చెంకో మీద రెండు గెలుపులు. ఒకే మనిషి చేతిలో ఇంతమంది చాంపియన్లు ఓడిన ఉదాహరణ ఆడవాళ్ల ఆటలో ఇంకొకటి లేదు.

ఇక రెండో ప్రశ్న. ఇక్కడ తరుగు తియ్యాలి, తీద్దాం. రౌజీ ఆ రోజు 13 నెలల విరామం తర్వాత వచ్చింది. హామ్ చేతిలో తిన్న దెబ్బ నుంచి తేరుకోలేదు. ఆ గెలుపుకు నేను సగం మార్కులే వేస్తాను. 2019 జులైలో హామ్‌కు 37 ఏళ్లు, అక్కడా కొంత తగ్గించాలి. అయితే ఆ ఫైట్‌లో ఒక తమాషా ఉంది. రౌజీని తలమీద కాలితో తన్ని పడగొట్టిన హామ్‌ను నూనెస్ కూడా మొదటి రౌండ్లోనే తలమీద కాలితోనే తన్ని పడగొట్టింది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడన్న సామెత ఇంత అక్షరాలా జరగడం నేనింకెక్కడా చూడలేదు.

ఏ తరుగూ తియ్యలేని గెలుపు సైబోర్గ్ మీదది. 2018 డిసెంబర్ 29, యూఎఫ్‌సీ 232 (పోటీల రాత్రులకు ఇలా వరుస నంబర్లుంటాయి), 145 పౌండ్లు. సైబోర్గ్ అప్పుడు చాంపియన్, మంచి ఫామ్‌లో ఉంది, బరువు కూడా ఆమె బరువే. 2005లో మొట్టమొదటి ఫైట్ ఓడాక మళ్లీ ఓడలేదు. ఈ ఫైట్‌ను ఒకసారి పావు వేగంతో చూడండి. సైబోర్గ్‌కు ఒక అలవాటుంది. ఎదురుదెబ్బ తగిలితే వెనక్కి తగ్గదు, రెట్టింపు కోపంతో ముందుకొస్తుంది. మిగతా అందరి మీదా అది పనిచేసింది, ఎందుకంటే ఆ వేగానికి వాళ్లు వెనక్కి నడిచేవాళ్లు. నూనెస్ నడవలేదు. మొదటి గుద్దుకు సైబోర్గ్ కాళ్లు వణికాయి. ఆ క్షణంలో చెయ్యాల్సింది ఒకటే: ఎదుటి మనిషిని కావలించుకుని ఊపిరి తీసుకోవడం. ఆమె మళ్లీ గడ్డం ఎత్తి గుద్దులు విసిరింది. ఆ వెడల్పు గుద్దుల మధ్యలోంచి నూనెస్ కుడిచెయ్యి పైనుంచి దిగింది. 51 సెకన్లకు సైబోర్గ్ మొహం నేలకు ఆనింది. ఇది గాలివాటు దెబ్బ కాదు. సైబోర్గ్ బలమనుకున్నదే బలహీనత అని ముందే లెక్కవేసుకుని కొట్టిన దెబ్బ.

మరి పెన్యా సంగతి? న్యాయమైన ప్రశ్న, దాటవేయను. 2021 డిసెంబర్ 11, యూఎఫ్‌సీ 269. మొదటి రౌండ్ నూనెస్‌దే. రెండో రౌండ్లో ఆమె పాదాలు ఆగిపోయాయి. పెన్యా ఎడమచేతి జాబ్ (ముందుచేత్తో విసిరే చురుకైన గుద్దు) ఒకటి, రెండు, మూడు, పది సూటిగా మొహం మీద పడుతుంటే తల పక్కకు జరపకుండా ఒక్కో దెబ్బకు ఒక్కో పెద్ద గుద్దు బదులిస్తూ నిలబడింది. పెద్ద గుద్దు ఒక్కటి తప్పిపోతే ఖర్చయ్యే ఊపిరి, తగిలినదానికన్నా ఎక్కువ. అలసిపోయింది, కిందపడింది, వెనకనుంచి మెడపట్టు పడగానే పెద్దగా పోరాడకుండా ట్యాప్ చేసింది, అంటే చేత్తో తట్టి ఓటమి ఒప్పుకుంది. 2014లో జింగానో దగ్గర జరిగింది కూడా ఇదే కథ: మొదటి రౌండ్లో దాదాపు ముగించేసి, అది ముగియకపోయేసరికి మూడో రౌండ్‌కు ఆవిరైపోవడం. అంటే లోపం నిజమైనదే, ఏదో ఒక్క రోజు చెడ్డరోజు కాదు.

గ్రేటెస్ట్ అని నేను అనడానికి సగం కారణం ఆ తర్వాత జరిగినదే. ఏడు నెలలకు, 2022 జులై 30న, రెండో ఫైట్. ఎప్పుడూ కుడిచేతి వాటంతో నిలబడే నూనెస్ ఈసారి కుడికాలు ముందు పెట్టి ఎడమచేతి వాటానికి, అంటే సౌత్‌పాకి మారింది. దీనివల్ల ఏమవుతుందో చూడండి:

పెన్యా ఆయుధం జాబ్. ఎదుటివాళ్లు సౌత్‌పాలో నిలబడితే ఇద్దరి ముందు చేతులూ ఒకే గీత మీదికొచ్చి ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి, జాబ్‌కు దారి మూసుకుపోతుంది. పెన్యాకు రెండో అలవాటు, నేరుగా ముందుకు దూకడం. దూకినప్పుడల్లా నూనెస్ ముందున్న కుడిచెయ్యి అప్పటికే ఎదురుగా సిద్ధంగా ఉంది. వెనక్కి అర అడుగు వేసి కుడి హుక్ (పక్కనుంచి వంపుగా విసిరే గుద్దు), మళ్లీ అర అడుగు, మళ్లీ హుక్. రెండో రౌండ్లోనే పెన్యా మూడుసార్లు కిందపడింది. ఇక్కడ పాత నూనెస్ అయితే మీదపడి ముగించడానికి ఊపిరంతా ఖర్చు పెట్టేది. ఈసారి లేవనిచ్చింది. తర్వాతి రౌండ్లలో కిందపడేసి మోచేతులతో పని చేసింది, మధ్యలో పెన్యా ఆర్మ్‌బార్లకు (మోచేతిని వెనక్కి విరిచే పట్లు) ప్రయత్నించినా తొందరపడలేదు. జడ్జీలు 50-45, 50-44, 50-43 ఇచ్చారు, అంటే ఐదు రౌండ్లూ నూనెస్‌వే. 34 ఏళ్ల వయసులో, అప్పటికే అన్నీ గెలిచేసిన మనిషి, నిలబడే తీరు మార్చుకుని రావడం మామూలు విషయం కాదు. 2023 జూన్‌లో ఐరీన్ అల్డానా మీద ఐదు రౌండ్లూ గెలిచి, బెల్టులు నేలమీద పెట్టి వెళ్లిపోయింది.

ఇప్పుడు నా జవాబులో బలహీనమైన చోటు నేనే చూపిస్తాను. షెవ్‌చెంకోతో రెండో ఫైట్, 2017 సెప్టెంబర్ 9, యూఎఫ్‌సీ 215. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు 48-47 నూనెస్‌కు, ఒకరు 48-47 షెవ్‌చెంకోకు ఇచ్చారు. షెవ్‌చెంకో గెలిచిందని ఇప్పటికీ నమ్మేవాళ్లు బోలెడుమంది, వాళ్లను పిచ్చివాళ్లని నేననను. 2016 మార్చిలో జరిగిన మొదటి ఫైట్ మూడు రౌండ్లది, అందులో మొదటి రెండు నూనెస్‌వి, మూడోది షెవ్‌చెంకోది. ఇంకా రెండు రౌండ్లుంటే కథ మారేదని అప్పుడే అన్నారు. ఇంకో సంగతి, షెవ్‌చెంకో అసలు బరువు 125. యూఎఫ్‌సీలో ఆ విభాగం 2017 చివర్లో కానీ రాలేదు కాబట్టి, తనకన్నా పెద్దవాళ్లతో 135లో ఆడాల్సి వచ్చింది. ఆడి అక్కడ కూడా హామ్‌ను ఐదు రౌండ్లు ఓడించింది, పెన్యాను ఆర్మ్‌బార్‌తో ట్యాప్ చేయించింది.

ఆ 215 ఫైట్‌ను మీరూ మీ రూమ్మేటూ విడివిడిగా స్కోర్ చెయ్యండి. ఎలాగో చెబుతాను, ఎక్కువమంది ఇక్కడే తప్పుతారు.

ముందుగా కామెంటరీ మ్యూట్ చెయ్యండి. వాళ్లు ఎవరి గురించి మాట్లాడుతుంటే మన కన్ను వాళ్ల మీదే పడుతుంది. ప్రతి రౌండ్ అయ్యాక వీడియో ఆపి, గెలిచినవాళ్లకు 10, ఓడినవాళ్లకు 9 కాగితం మీద రాసేయండి. తర్వాతి రౌండ్ చూశాక పాత అంకె దిద్దకూడదు. చూడాల్సింది వరుసగా: మొదట దెబ్బ ప్రభావం, అంటే ఏ గుద్దుకు, ఏ పట్టుకు ఎదుటి మనిషి ఇబ్బంది పడింది. ఎన్ని తగిలాయన్నది ఆ తర్వాతే. అందులో ఇద్దరూ సమానమైతేనే ఎవరు దాడి చేశారన్నది, అదీ సమానమైతేనే బరి మధ్య ఎవరు నిలబడ్డారన్నది. ముందుకు నడిచినందుకు మార్కులు వేసేయడం కొత్తవాళ్ల తప్పు. నూనెస్ ఆ ఫైట్‌లో ముందుకు నడిచింది, షెవ్‌చెంకో వెనక్కి జరుగుతూ ఎదురుదెబ్బలు కొట్టింది. ఈ తప్పు చేస్తే మీ కాగితం నూనెస్ వైపు ఊరికే మొగ్గుతుంది. కిందపడేయడం కూడా అంతే. పడేసి ఏం చేసిందన్నదే లెక్క, పడేసినందుకు మాత్రమే కాదు. నాలుగు రౌండ్లు ఇద్దరూ ఆచితూచి ఆడారు, చివరి రౌండ్లో నూనెస్ కిందపడేసి వెనక చేరింది. నా కాగితం మీద ఆ ఐదో రౌండ్ వల్లే 48-47 నూనెస్‌కు వచ్చింది. వెంట్రుకవాసి తేడా.

షెవ్‌చెంకో తర్వాతి చరిత్ర కూడా తక్కువది కాదు. 2018 డిసెంబర్‌లో యోఆనా యెన్‌జేచిక్ మీద గెలిచి 125 బెల్ట్ తీసుకుంది, ఏడుసార్లు కాపాడుకుంది. వాటిలో ఒక్కటి చూడాలంటే 2021 ఏప్రిల్‌లో జెస్సికా అంద్రాడ్జితో ఆడింది చూడండి. అంద్రాడ్జి అంటే ఎదుటివాళ్లను గోధుమ బస్తాలా ఎత్తి కుదేసే మనిషి. ఆమెతో దూరంగా ఉండి కాళ్లతో ఆడుతుందని అందరూ అనుకుంటే, షెవ్‌చెంకో ఆమెనే పదేపదే కిందపడేసింది. రెండో రౌండ్లో ఒక చేతిని తన కాళ్ల మధ్య ఇరికించి, రెండోదాన్ని పక్కకు నొక్కిపెట్టి, కాపాడుకోవడానికి చెయ్యే లేని మొహం మీద మోచేతులు దింపింది. రిఫరీ ఆపాడు.

ఆమె పతనం కూడా చదవదగ్గదే. 2023 మార్చి 4న అలెక్సా గ్రాసోతో నాలుగో రౌండ్, స్కోర్లలో ముందుంది. గిర్రున తిరిగి వెనక కిక్ విసిరింది, అది తప్పింది. తిరిగే కిక్ తప్పితే ఒక్క క్షణం వీపు ఎదుటివాళ్లకు ఇచ్చినట్టే. గ్రాసో ఆ ఒక్క క్షణంలో వీపెక్కి, గడ్డం మీదుగానే మెడను ఉడుంపట్టు పట్టింది. ఆ కిక్ కోసం గ్రాసో కాచుకుని ఉందన్నది ఆమె కదిలిన తీరులోనే తెలుస్తుంది. సెప్టెంబర్‌లో మళ్లీ ఆడితే డ్రా. ఒక జడ్జి ఐదో రౌండ్‌ను గ్రాసోకు 10-8 ఇచ్చాడు, అది చాలా ఏకపక్షంగా సాగిన రౌండ్‌కు ఇచ్చే స్కోరు. మామూలుగా 10-9 ఇచ్చి ఉంటే బెల్ట్ ఆ రాత్రే షెవ్‌చెంకోకు తిరిగొచ్చేది. అంకెల వెనక ఎంత యాదృచ్ఛికం ఉంటుందో చెప్పడానికి నేనెప్పుడూ ఇదే చూపిస్తాను. 2024 సెప్టెంబర్‌లో మూడోసారి ముగ్గురు జడ్జీలూ 50-45 ఇచ్చారు. 2025 నవంబర్‌లో 115 చాంపియన్‌గా ఉండి బరువు పెంచుకుని వచ్చిన జాంగ్ వేలీని కూడా 50-45తోనే పంపింది. మరి రెండో స్థానం ఎందుకు? ఒకటి, నూనెస్‌తో రెండు ఓటములు. రెండు, ఆమె మొదటి ఏలుబడి నాటి 125లో పోటీ 135 అంత చిక్కగా లేదు. తైలా సాంతోస్ గట్టిగా నిలబడిన రోజు, 2022 జూన్‌లో, స్ప్లిట్ నిర్ణయంతో (ఇద్దరు జడ్జీలు ఒకవైపు, ఒకరు మరోవైపు) బయటపడింది, అదీ సాంతోస్‌కు తలలు ఢీకొని కన్ను మూసుకుపోయాక.

ఇక మీ సైబోర్గ్. ఓటమి లేని 13 ఏళ్లు చూడటానికి గొప్పగా ఉంటాయి. కానీ 145లో ఆడవాళ్లే తక్కువ. చాలామంది 135 నుంచి బరువు పెంచుకుని వచ్చినవాళ్లే. ఆ విభాగంలో యూఎఫ్‌సీ ర్యాంకింగ్ పట్టిక కూడా నడపలేదు. రెండోది, 2011 డిసెంబర్‌లో హిరోకో యమనాకా మీద గెలిచాక సైబోర్గ్ పరీక్షలో స్టానోజోలాల్ అనే నిషేధిత స్టెరాయిడ్ దొరికింది. ఆ గెలుపు రద్దయింది, బెల్ట్ పోయింది, ఏడాది నిషేధం పడింది. 2016లో ఇంకోసారి పరీక్షలో చిక్కినా, అది వైద్యానికి వాడిన మందని తేలి మినహాయింపు ఇచ్చారు, దాన్ని నేను లెక్కలోకి తీసుకోను. మొదటిదాన్ని తీసుకుంటాను. అయినా మూడో స్థానం ఇస్తున్నానంటే కారణం ఆమె నిలకడ. స్ట్రైక్‌ఫోర్స్, ఇన్విక్టా, యూఎఫ్‌సీ, బెలటోర్ నాలుగు సంస్థల్లోనూ బెల్ట్. 39 ఏళ్ల వయసులో, 2024 అక్టోబర్‌లో, కేలా హారిసన్‌ను ఓడించిన లారిస్సా పచేకోను ఐదు రౌండ్లు ఓడించింది. మీరు సైబోర్గ్ తరఫున వాదించాలంటే ఆ 13 ఏళ్లు వదిలేసి ఇది పట్టుకోండి.

రౌజీ విషయంలో మీ రూమ్మేట్ రెండు వేర్వేరు ప్రశ్నల్ని కలిపేస్తున్నాడు. ఆట మీద ఎవరి ముద్ర పెద్దదంటే రౌజీదే, పోటీయే లేదు. ఆడవాళ్లు యూఎఫ్‌సీలోకి రారని 2011లో చెప్పిన యూఎఫ్‌సీ బాస్ డానా వైట్, 2013 ఫిబ్రవరి 23న ఆమె ఫైట్‌నే మెయిన్ ఈవెంట్‌గా పెట్టాడు. మెల్‌బోర్న్‌లో హామ్‌తో ఆడిన రాత్రి స్టేడియంలో 56,214 మంది. ఆట పరంగానూ తక్కువ చెయ్యను. మొదటి 12 గెలుపుల్లో 11 మొదటి రౌండ్లోనే, 9 ఆర్మ్‌బార్‌తో. వరుసగా మూడు ఫైట్లు 16, 14, 34 సెకన్లు. మూడూ కలిపి 64 సెకన్లు.

ఆ పద్ధతి ఇది: నేరుగా నడిచెళ్లి కావలించుకోవడం, మెడ చుట్టూ చెయ్యేసి నడుం మీదుగా విసరడం, పక్కనుంచి మెడను నొక్కిపట్టి కూర్చోవడం. ఎదుటి మనిషి తప్పించుకోవడానికి చెయ్యి చాపగానే కాలు తలమీదుగా దాటించి ఆ చెయ్యి విరవడం. ఒలింపిక్ జూడో కాంస్యం ఉన్న మనిషి, అది ఎవరికీ ఆగలేదు. కానీ మొత్తం గొలుసు మొదటి లింకు మీదే ఆధారపడింది, అంటే దగ్గరకు చేరడం మీద. హామ్ బాక్సింగ్‌లో ప్రపంచ చాంపియన్‌గా ఉండి వచ్చింది, అదీ సౌత్‌పా. రౌజీ తల కదపకుండా సూటిగా వచ్చిన ప్రతిసారీ ఎడమచెయ్యి మొహం మీద పెట్టి పక్కకు తప్పుకుంది. రెండో రౌండ్ 59వ సెకనుకు కిక్. ఓడిపోవడం తప్పు కాదు, నూనెస్ కూడా ఓడింది. 13 నెలల తర్వాత రౌజీ అదే తల కదపని నడకతో తిరిగొచ్చింది. ఏడు నెలల తర్వాత నూనెస్ వేరే స్టాన్స్‌తో వచ్చింది. నాకు ఇద్దరి మధ్య తేడా అదే.

115 పౌండ్ల వాళ్లను తొందరగా దాటేస్తున్నాను, నిజానికి అన్నిటికన్నా పోటీ ఎక్కువున్న విభాగం అదే. యెన్‌జేచిక్ ఐదుసార్లు బెల్ట్ కాపాడుకుంది. జాంగ్ వేలీ బెల్ట్ పోగొట్టుకుని మళ్లీ సంపాదించింది. 2020 మార్చిలో వాళ్లిద్దరి మొదటి ఫైట్ ఆడవాళ్ల ఆటలో ఇప్పటిదాకా వచ్చినవాటిలో నా దృష్టిలో అత్యుత్తమం. నాలుగు, ఐదు స్థానాలు వాళ్లవి, ఏ వరుసలో పెట్టినా నాకు అభ్యంతరం లేదు. రౌజీ ఆరు. అన్నట్టు, 2024 జూన్‌లో యూఎఫ్‌సీలో గెలిచిన మొదటి భారతీయ మహిళ పూజా తోమర్ ఆడిందీ ఈ 115లోనే. పట్టుల మీద ఆసక్తి ఉంటే జపాన్‌కు చెందిన మెగుమి ఫూజీ పాత ఫైట్లు వెతకండి. యూఎఫ్‌సీ తలుపు తెరవకముందే 22 వరుస గెలుపులు. సరైన వేదిక దొరకని తరం అది, అందుకే పట్టికలో కాకుండా పక్కన పెడతాను. హారిసన్‌కు రెండు ఒలింపిక్ స్వర్ణాలు, 135 బెల్ట్ ఉన్నాయి, ఇంకా నాలుగైదు పెద్ద ఫైట్లు కావాలి.

ఈ ఆదివారం ఖాళీ ఉంటే ఈ వరుసలో చూడండి: రౌజీ-హామ్, నూనెస్-సైబోర్గ్, నూనెస్-పెన్యా రెండూ, గ్రాసో-షెవ్‌చెంకో మొదటిది, చివర్లో నూనెస్-షెవ్‌చెంకో రెండోది. ఆఖరిదానికి మాత్రం మ్యూట్, కాగితం, పెన్ను తప్పనిసరి. మీ ఇద్దరి కాగితాలూ ఏ రౌండ్ దగ్గర విడిపోయాయో ఇక్కడ రాయండి.